తలుపు వారం

1. సోమవారం

చెవికి వినడమే తెలుసు, చదవడం రాదు. అందుకే రాస్తున్నాను. నోటితో అంటే గోడ వింటుంది. కాగితం మీద పెడితే ఏ గోడకీ తెలియదు.

ఇవాళ పాలకి నక్షత్రం కొట్టుకి వెళ్ళాను. పోయిన వారం నాగలి కొట్టు కాబట్టి ఈ వారం దీని వంతు. మా మార్లో క్రీక్‌లో అన్నీ రెండేసి. రెండు కొట్లు, రెండు సెలూన్లు, రెండు బడులు, చివరికి శ్మశానాలు కూడా రెండు. గుమ్మం మీద నాగలి జెండా ఉన్నవాళ్ళు నక్షత్రం కొట్టు మెట్టెక్కరు, వాళ్ళు వీళ్ళ మెట్టెక్కరు. మా గుమ్మం మీద ఏ జెండా లేదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ దాని అవసరం రాలేదు. ఊళ్ళో హీటర్లు బాగుచేసే చక్రధర్ అంటే ఆయనే. ఈ దేశపు చలికి జెండా రంగు తెలియదు గనక, హీటర్ ఆగితే ఎవరైనా ఆయన్నే పిలవాలి.

ఆయన జనవరిలో పోయారు. ఎలా పోయారో ఒక్కసారి రాసి పెడతాను. మళ్ళీ మళ్ళీ రాసే ఓపిక నాకు లేదు.

వంటింట్లో స్టవ్ పక్కన గోడకి చెవి ఉంటుంది. అందరిళ్ళలోనూ ఉంటుంది, తీసెయ్యడానికి లేదు. వారమంతా వింటుంది, ఆదివారం మధ్యాహ్నం మాట్లాడుతుంది. ఆ మాట్లాడేది ప్రెసిడెంట్ హాల్బర్గ్ గొంతు. ఏ ఊరికి ఆ ఊరి ప్రసంగం, ఏ ఇంటికి ఆ ఇంటి భాష. మా ఇంట్లో శుభ్రమైన తెలుగులో మాట్లాడతాడు మహానుభావుడు. "మార్లో క్రీక్ అమ్మలారా, అయ్యలారా, మీ ఊరికి చెద పట్టింది. మీ గుమ్మాన్ని, మీ దూలాన్ని, మీ పిల్లల మంచాన్ని తినేస్తోంది" అని మొదలుపెట్టి, రక్తం మరిగేదాకా ఊదరగొట్టి, చివర్లో ఆ వారం చెద ఎవరో పేరు చెబుతాడు. ఆ వెంటనే ప్రతిసారీ ఒకటే మాట: "ఇది నేను చెప్పింది కాదు, మీరు చెప్పిందే. ఏం చెయ్యాలో మీకు తెలుసు."

ఏం చెయ్యాలో ఆయన ఎన్నడూ చెప్పలేదు. అది ఊళ్ళు తమంతట తామే నేర్చుకున్నాయి. పేరు వచ్చిన మనిషికి ఆ వారమంతా ఎవరూ తలుపు తియ్యరు. సరుకు అమ్మరు, కారెక్కించుకోరు, పలకరించరు. తలుపు వారం అంటారు. చట్టంలో ఎక్కడా లేదు, వెతికి చూశాను.

జనవరిలో ఒక ఆదివారం మా ఆయన పేరు వచ్చింది. ఆ వారంలోనే ఒక పొద్దున, కూరుకుపోయిన వ్యాన్ చుట్టూ మంచు తవ్వుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. అంబులెన్స్ వాళ్ళు "మీరు వరసలో ఉన్నారు" అన్నారు. ఎదురింటి డెల్ ప్రూయిట్‌కి పెద్ద ట్రక్ ఉంది, ఎంత మంచులోనైనా పోతుంది. పరిగెత్తి వాళ్ళ తలుపు కొట్టాను. మా ఇంట్లో గోంగూర పచ్చడి వేళ్ళు నాక్కుంటూ తిన్న మనిషి. కిటికీ దగ్గర నిలబడి నన్ను చూశాడు. చూసి, కర్టెన్ లాగాడు. ఆ పక్కింటి తలుపు కొట్టాను, ఆ పై ఇంటిది కొట్టాను. వీధి వీధంతా కొట్టి తిరిగొచ్చేసరికి ఆయన లేరు.

ఆ పేరు ఎవరిచ్చారో నాకు తెలియాలి. తెలిశాక వాళ్ళని ఏడిపించాలి. నాకిప్పుడు వేరే పనేమీ లేదు.

2. గురువారం

మా ఆడపడుచు సులోచన వచ్చింది. చెవులు తుడిచే ఉద్యోగం దానిది. తెలుగువాళ్ళ ఇళ్ళలో తాలింపు పొగకి చెవులు తొందరగా జిడ్డు పట్టి మూసుకుపోతాయట, అందుకని మిగతా ఇళ్ళతో పాటు ఊళ్ళో ఉన్న నాలుగైదు తెలుగిళ్ళూ దానికే అప్పగించారు. చెవిని విప్పి బల్ల మీద పెట్టినంతసేపే మేం వంటింట్లో నోరు విప్పగలం.

"వదినా, ముందు నువ్వు కూర్చో," అంది.

"నిలబడే వింటాను. ఎవరిచ్చారు పేరు? ఆ డెల్ గాడేనా?"

"ఎవరూ ఇవ్వలా."

"ఎవరూ ఇవ్వకుండా ఎలా వస్తుందే?"

"మా ఆఫీసులో క్లాసు పెట్టారు. ఆ ఇంజినీరు చెప్పాడు. దీనికి కోపం, ఇష్టం అలాంటియ్యేం తెలవ్వంట. వేడి ఒక్కటే తెలుసంట. వారంలో ఏ పేరు ఎక్కువ వంటిళ్ళల్లో గట్టిగా, ఆత్రంగా పలికారో ఆ పేరు పైకెళ్తది. అంతే." జిడ్డు గీకుతూనే మళ్ళీ అందుకుంది. "ఆ వారం చలి గుర్తుందా వదినా? ఊళ్ళో సగం హీటర్లు ఆగిపోయినయ్. అన్నయ్య ఒక్కడు, ఎన్నిళ్ళకని పోతాడు? నక్షత్రం వంటిళ్ళల్లోనూ నాగలి వంటిళ్ళల్లోనూ ఒకటే కేకలు. చక్రధర్ ఏడీ, చక్రధర్ ఇంకా రాలేదే, చక్రధర్‌కి మళ్ళీ ఫోన్ చెయ్యి అని."

నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"ఊరంతా అన్నయ్యని పిలిచింది. ఇది తిట్లు అనుకుంది."

అప్పుడు కూర్చున్నాను.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఒక్కడంటే ఒక్కడు ఆయన్ని ద్వేషించి ఉంటే వాడి పీక పిసికి ఊరుకునేదాన్ని. ఎవరికీ కోపం లేదట. అందరికీ కావలసిన మనిషట! అయినా ఒక్కరు తలుపు తియ్యలేదు. నాకు లేకపోయినా పక్కవాడికి ఉందేమో కోపం అనుకుని, ఎవరికి వాళ్ళు గడియ పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చేత్తో బాగుచేసిన హీటర్ల పక్కనే కూర్చుని ఉంటారు, వెచ్చగా.

సులోచన చెవిని తుడిచి మళ్ళీ గోడకి బిగించింది. తర్వాత ఇద్దరం వంకాయ కూర గురించి మాట్లాడుకున్నాం.

3. శనివారం

ఆకులు రాలడం మొదలైంది. వాకిట్లో ఊడుస్తుంటే డెల్ కూడా తన వాకిట్లో ఊడుస్తున్నాడు. జనవరి నుంచీ నన్ను చూస్తే తేలు కుట్టిన దొంగలా ఉంటాడు. ఇవాళ నేనే రోడ్డు దాటి వెళ్ళాను.

"డెల్, మా ఆయన పేరు ఎవరిచ్చారనుకుంటున్నావు?"

"నాకేం తెలుసు హైమా?" అన్నాడు, చీపురు వైపు చూస్తూ. "మా ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. చక్ మీద మాకేం కోపం? మా ఆవిడ ఆ వారమంతా చక్ ఎప్పుడొస్తాడు, చక్ ఎప్పుడొస్తాడు అని నా ప్రాణం తీసింది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం చూశాను గానీ, దొంగతనం చేశానని తెలియకుండానే తడుముకునేవాణ్ణి ఇతన్నే చూశాను.

"మరి తలుపు?"

అతను చీపురుకి చిక్కిన ఆకులు పీకాడు. "నా వెనక పిల్లలున్నారు. వీధంతా చూస్తోంది. నేనొక్కణ్ణే తీస్తే వచ్చే వారం నా పేరు రాదా? నువ్వు అనుకున్నంత తేలిక కాదు హైమా, తలుపు తియ్యడం."

తేలిక కాదట. ఈ మాట నేను మర్చిపోను. ఊడ్చిన ఆకులు అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చేశాను.

4. మంగళవారం

ఊళ్ళో పండగ వాతావరణం. వచ్చే వారం ఆపిల్ జాతరకి ప్రెసిడెంట్ స్వయంగా వస్తున్నాడట. ఆ ఆదివారం ప్రసంగం ఇక్కడి మైదానంలోంచే, ఆయన సొంత నోటితో. ఆయన పుట్టిన ఊరు ఇదే మరి. తల్లి ఇప్పటికీ వంతెన అవతల ఒంటరిగా ఉంటుంది. లోయిస్ కార్ అంటారు ఆవిణ్ణి. రెండో భర్త ఇంటిపేరు అది.

పెరట్లో చల్ల మిరపకాయలు ఎండబెడుతున్నాం, నేనూ సులోచనా. పెరట్లో చెవి లేదు.

"డెల్ గాడి పేరు రప్పిద్దాం వదినా," అంది. "ఊరంతా వాడి పేరు అరిచేట్టు చేస్తే చాలు. వాడి ట్రక్కు చక్రాల్లో గాలి తీసేస్తా, మంచు పడ్డ రోజున అందరూ వాడి కోసమే చూస్తారు."

"వాడు తోకే. తోక తొక్కి ఏం లాభం?"

"తల దొరకదులే. హాల్బర్గ్ అన్న పేరంటే దానికి చెవుడు. మంత్రుల పేర్లక్కూడా. ముందే అట్టా చేసి పెట్టుకున్నారు."

"తల్లి పేరుకో?"

దాని చేతిలో మిరపకాయ అక్కడే ఆగిపోయింది.

"లోయిస్ కార్," అన్నాను. "అందులో హాల్బర్గ్ ఎక్కడుంది?"

"వదినా!"

"ఆయనకో గొప్ప ఉంది కదా. ప్రసంగం చదివే తెర మీదికి వచ్చిన పేరుని ఏ ఆఫీసరూ ముందు చూడడు, ప్రజల నోట్లోంచి నేరుగా నా నోట్లోకి అంటాడు కదా. పలకనీ. కన్నతల్లిని చెద అని తన నోటితోనే పలకనీ. తలుపు వారం అంటే ఏమిటో వాళ్ళింట్లో కూడా తెలియనీ."

సులోచన చేతులకున్న ఉప్పూ మజ్జిగా చీరకి తుడుచుకుంది. భయపడుతుందనుకున్నాను. నవ్వింది. వాళ్ళన్నయ్య నవ్వే అది, ఒక పక్కకి. "ఊరంతా ఆ ముసలామె పేరు అరవాలంటే ఎట్టా మరి?"

"ఆపిల్ పై," అన్నాను.

5. బుధవారం. మరుసటి వారం

జాతరలో ఆపిల్ పై పోటీ ఉంటుంది, ఆపిల్ ముక్కలు పిండిలో పెట్టి కాల్చే వంటకం అది. ప్రతి ఏడూ తీర్పు లోయిస్‌దే. ఈసారి గెలిచిన పై ప్రెసిడెంట్ బల్ల మీదికి వెళ్తుంది, దాన్ని చేసినావిడ పేరు దేశమంతా వింటుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పిండి కలుపుతున్నారు. పొయ్యి ఎలాగూ రాజేసి ఉంది, నేను పుల్ల పెడితే చాలు.

సోమవారం నక్షత్రం కొట్టుకి వెళ్ళాను. బల్ల దగ్గరుండే మార్జరీతో, ఏమీ తెలియనట్టు, "లోయిస్ ఈసారి కూడా నాగలి వాళ్ళకే ఇస్తుందని అంటున్నారు. ఎంతైనా కొడుకు పార్టీ కదా" అన్నాను. మంగళవారం నాగలి కొట్టుకి వెళ్ళి, "పక్షపాతం అనిపించుకోకూడదని లోయిస్ ఈసారి నక్షత్రం వాళ్ళకే ఇస్తుందని అంటున్నారు" అన్నాను.

"అంటున్నారు" అన్న మాట ఎంత గొప్పదో ఇన్నేళ్ళకి తెలిసింది. అబద్ధం ఆడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. ఎవరంటున్నారని మార్జరీ అడగలేదు, నాగలి కొట్టు ఆయనా అడగలేదు. వాళ్ళకి కావలసిందే నేను చెప్పాను కాబట్టి అడగలేదు. ప్రెసిడెంట్‌గారి విద్య ఇంతేనా! దీనికా ఇంత పెద్ద భవనం, ఇన్ని వేల చెవులు? ఒక సంచీ, రెండు కొట్లు ఉంటే సరిపోయేదిగా.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు బాగుంది. ఆయన పోయాక మొదటిసారి ఆకలేసింది. రెండు చల్ల మిరపకాయలు వేయించుకుని పెరుగన్నం తిన్నాను.

6. శుక్రవారం

సులోచన కబురు తెచ్చింది. ఏ ఇంటికి చెవి తుడవడానికి వెళ్ళినా లోయిస్ పేరేనట. ఒకావిడ అప్పడాల కర్రతో బల్ల మీద బాదుతూ మరీ అందట. మొగుడూ పెళ్ళాలు, రెండు జెండాల వాళ్ళూ, జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద ఉన్నారు.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే లోయిస్. చేతికర్రతో, ఊదారంగు ఉన్ని కోటుతో. డెల్ ట్రక్‌లో దింపాడట. ఆవిడ పనులన్నీ అతనే చూస్తాడు, దాంతో అతనికి ఊళ్ళో పెద్దరికం.

వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నేను ఇచ్చిన కప్పు రెండు చేతులతో పట్టుకుంది. చేతులు సన్నగా, మచ్చలతో, మా నాయనమ్మ చేతుల్లాగే ఉన్నాయి. అవి చూడకుండా ఉండాల్సింది.

"అందరూ నా మీద పడుతున్నారు హైమా," అంది. "రెండు వైపులా తిడుతున్నారు. నేనెవరికీ ఏ మాటా ఇవ్వలేదు. నీ గుమ్మానికి జెండా లేదు కదా, నా పక్కన కూర్చుని నువ్వు కూడా రుచి చూడు. నువ్వుంటే పక్షపాతం అనరు."

ఒక్క క్షణం మనసు మెత్తబడింది. కాదని చెప్పను. ఈవిడ నాకేం చేసింది? ఈ పని ఆపెయ్యొచ్చు, ఇంకా టైముంది. రెండు కొట్లకీ వెళ్ళి రెండు మాటలు వెనక్కి తీసుకుంటే సరిపోతుంది అనిపించింది.

అంతలో ఆవిడే మొదలుపెట్టింది. "చక్ ఎంత మంచివాడు! పాపం. నా హీటర్ అతను ముట్టుకుంటే గానీ పనిచేసేది కాదు. ఆ వారం పేరు విన్నప్పుడు నాకు చాలా బాధేసింది." కప్పు కింద పెట్టింది. "మా వాడి మాటలు మనసులో పెట్టుకోకు. వాడికి ఎవరి మీదా కోపం లేదు, నాకు తెలుసు. చప్పట్లు వినపడితే ఆగలేడు, చిన్నప్పటి నుంచీ అంతే. అవి ఊరికే మాటలు."

చెవి పక్కనే ఉంది. గట్టిగా ఊపిరి కూడా తియ్యలేదు నేను.

"వస్తాను లోయిస్," అన్నాను. "మీ పక్కనే కూర్చుంటాను."

ఊరికే మాటలు! ఆయన్ని మంచులోంచి లాక్కొచ్చి వరండాలో పడుకోబెట్టినప్పుడు నా చేతుల్లో ఉన్నది మాట కాదు, మనిషి. ఇక నేను ఆగను.

7. ఆదివారం

మైదానంలో తాడు కట్టి ఈ పక్క నక్షత్రం, ఆ పక్క నాగలి. మధ్యలో ముందు వరసలో న్యాయనిర్ణేతల కుర్చీలు. లోయిస్, నేను. ఆవిడకి అటువైపు డెల్, ఆవిడ కోటూ చేతిసంచీ పట్టుకుని.

పైలు రుచి చూశాం. ఎవరిది బాగుందో నాకు గుర్తు లేదు. నోటికి ఏదీ తెలియలేదు.

ప్రెసిడెంట్ వేదికెక్కాడు. దగ్గర్నుంచి చూస్తే మామూలు మనిషే, మెడ దగ్గర కాలర్ కాస్త బిగుతుగా ఉంది. తల్లికి చెయ్యూపాడు, ఆవిడ మురిసిపోయింది. ఇంక అందుకున్నాడు. చెద, దూలం, పిల్లల మంచం. నాగలి వాళ్ళు లేచి అరుస్తున్నారు, నక్షత్రం వాళ్ళు పళ్ళు కొరుకుతున్నారు. అరుపు పెరిగేకొద్దీ ఆయన మొహం కడిగినట్టు వెలుగుతోంది. తల్లి చెప్పింది నిజమే, ఆగలేడు.

"మీలోనే ఉంది, మీ పక్కనే కూర్చుని ఉంది, మీ పై తింటోంది! ఈ వారం మార్లో క్రీక్‌ని తినే చెద..." అని చెయ్యి పైకెత్తి, తెర వైపు చూసి, అదే ఊపులో చదివేశాడు. "లోయిస్ కార్!"

ఆ గొంతు మైదానం చివరిదాకా వెళ్ళి ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

చదివాకే అర్థమైంది ఆయనకి. చెయ్యి పైనే ఉండిపోయింది. తల్లి వైపు చూశాడు. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది, సరిగా వినపడలేదేమో అన్నట్టు. పొరపాటు అంటాడనుకున్నాను. ఒక్క మాట చాలు. కానీ ఇక్కడ పొరపాటైతే అన్ని ఊళ్ళలోనూ పొరపాటే, ఇన్ని వారాలూ పొరపాటే. అది ఆయనకి నాకంటే ముందే తెలిసినట్టుంది. గడ్డం పైకెత్తాడు.

"ఇది నేను చెప్పింది కాదు," అన్నాడు. "మీరు చెప్పిందే. ఏం చెయ్యాలో మీకు తెలుసు."

వేదిక వెనక మెట్లు దిగి కారెక్కాడు. కార్లు వెళ్ళిపోయాయి.

ముందు వరసలో కుర్చీలు జరుగుతున్న చప్పుడు. డెల్ ఆవిడ కోటు భుజాన వేసుకునే ఉన్నాడు, ఆవిడకి ఇవ్వాలన్న సంగతి మర్చిపోయి, వెనక్కి వెనక్కి నడిచి ట్రక్ దగ్గరికి పోయాడు. నేనూ లేచాను. నేను ఆశించినదంతా జరిగింది, ఇంకా ఎక్కువే జరిగింది. నేను ఆయన చేత తల్లిని తిట్టించాలనుకున్నాను. ఆయన తనంతట తానే తల్లిని వదిలి పోయాడు.

వంతెన దాకా నవ్వుకుంటూ నడిచాను. నిజంగానే.

8. ఆదివారమే, ఇంటికొచ్చాక

సులోచన పాయసం పొయ్యి మీద పెట్టింది. ఎందుకో పైకి చెప్పకూడదు, చెవి వింటుంది. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. కిటికీలోంచి చూస్తే ఇంకా వెలుతురుంది. చల్లగాలి లేచింది.

లోయిస్ వీధి మలుపు తిరిగి వచ్చింది. కోటు లేదు. ముందు డెల్ ఇంటికి వెళ్ళింది. ఇంటి తాళంచెవులు అతను పట్టుకుపోయిన చేతిసంచీలోనే ఉన్నాయి మరి. తలుపు కొట్టింది. "డెల్, నా కోటు" అంది. కిటికీలో డెల్ కనిపించాడు. కర్టెన్ లాగాడు.

నాకు తెలిసిన కర్టెనే. పసుపుది, కింద కుట్టు ఊడింది.

పక్కింటి తలుపు కొట్టింది. ఆ పై ఇంటిది కొట్టింది. నేను వెళ్ళిన దారినే వెళ్తోంది, వరస కూడా తప్పకుండా. ఒక చోట మెట్టు మీద కూర్చుని మళ్ళీ లేచింది. వీధి చివరిదాకా వెళ్ళి, రోడ్డు దాటి, మా వైపు వచ్చింది.

తలుపు చప్పుడైంది.

సులోచన నాకంటే ముందే వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. గుసగుసగా, పళ్ళ బిగువున, "తియ్యబాక వదినా. నా మీద ఒట్టు. అన్నయ్యకి ఎవరు తీశారు?" అంది.

"ఎవరూ తియ్యలేదు."

"మరి ఈవిడకెందుకు తియ్యాల? జాలా?"

జాలి కాదు. ఆవిడ అన్న "ఊరికే మాటలు" ఇంకా నా చెవిలో గింగురుమంటూనే ఉంది. తలుపు పక్కన కిటికీలోంచి సులోచనకి వీధి చూపించాను. ప్రతి ఇంట్లో ఒక కర్టెన్ కదులుతోంది. జనవరిలో నేను కొట్టిన తలుపుల వెనకాల ఉన్నవాళ్ళందరూ, ఒక్కరు తప్పకుండా, మా గుమ్మం వైపు చూస్తున్నారు. ఇది కూడా తియ్యదులే, మనమూ అంతే, ఎవరైనా అంతే అనుకోవడానికి కాచుకుని ఉన్నారు. నేను గనక తియ్యకపోతే ఇవాళ వాళ్ళు హాయిగా నిద్రపోతారు.

"వాళ్ళకి చూపించాలే," అన్నాను. "తలుపు తియ్యడం ఎంత సేపు పనో చూపించాలి."

సులోచన నా మొహంలోకి చూసింది. పక్కకి జరిగింది.

గడియ తీశాను. రెక్క లాగాను. అంతే. ఇంత చిన్న పని.

లోయిస్ పెదాలు నీలంగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తెచ్చి స్టవ్ పక్కన కూర్చోబెట్టి, మా ఆయన పని కోటు కప్పాను. సులోచన మాట్లాడకుండా గిన్నెలో పాయసం పోసి ఆవిడ ముందు పెట్టింది, కాస్త గట్టిగానే.

"వాడు నన్ను చూశాడు," అంది లోయిస్. "పేరు చదివాక నా వైపు చూశాడు. నాకు వినపడలేదనుకున్నావా? వినపడింది."

"ఊరికే మాటలు, లోయిస్," అన్నాను.

అనాలనే అన్నాను. ఆవిడ తలెత్తి నన్ను చూసింది, ఆ తర్వాత తన మీదున్న కోటుని చూసింది. జేబు మీద కుట్టిన ఆయన పేరుని వేలితో తడిమింది. ఏడవడం మొదలుపెట్టింది. నేను ఓదార్చలేదు. చెవి అక్కడే గోడ మీద ఉంది, విననిచ్చాను.

వచ్చే ఆదివారం వచ్చేది నా పేరే. రానీ. ఇప్పుడు ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ నా గురించే మాట్లాడుకుంటూ ఉంటారు.

"తలుపు తెరిచే ఉంది, చలి వస్తోంది," అంది ఆవిడ కాసేపటికి.

"తెలుసు," అన్నాను.

ఎదురింటి పసుపు కర్టెన్ పక్కకి జరిగి ఉంది. డెల్ దాని వెనకాల దాక్కోవడం కూడా మర్చిపోయి నిలబడి, మా గుమ్మం వైపే చూస్తున్నాడు. భుజం మీద ఆవిడ కోటు అలాగే ఉంది. నేను తలుపు వెయ్యలేదు. అతను అక్కడ నిలబడినంతసేపూ వెయ్యను.